ఆరు. పదండి

మామ పెద్దకర్మ రోజు రెండో పంక్తికి ఆకులు చాలలేదు. వంటాయన వచ్చి ఎంతమంది కూర్చున్నారని అడిగితే ఒకరు ముప్పై అన్నారు, ఇంకొకరు నలభై దాటిందన్నారు. అరిటాకుల కోసం ఒకరిని రాబర్ట్‌సన్‌పేట బజారుకు తరిమారు. సగంమంది ముందర వడ్డించిన అన్నం చల్లారిపోతుంటే, మిగతా సగం మంది ఉత్త నేల చూస్తూ కూర్చున్నారు. "ఆయనే ఉండుంటే ఈ అవస్థ ఉండునా?" అన్నారెవరో. అవునవునని అందరూ తలలూపి, ఆకులు రాగానే హాయిగా తిన్నారు. ఆయన మనుషుల్ని లెక్కపెట్టడం మానేసింది చనిపోయిన రోజు కాదు. అంతకు ఆరేండ్ల ముందే మానేశాడు. మాన్పించింది నేను.

మామ అంటే మా మేనత్త భర్త. కోలార్ బంగారు గనుల్లో, మనుషుల్ని లోపలికి దించే షాఫ్టు పక్కనుండే టైమాఫీసులో గుమాస్తా. గనిలోకి దిగే ప్రతి మనిషీ గోడ మీది పలకనుంచి తన ఇత్తడి టోకెను తీసుకుపోవాలి, పైకొచ్చాక మళ్ళీ దాని కొక్కేనికి తగిలించాలి. షిఫ్టు అయిపోయాక ఒక్క కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడని. ఆ పలక చూడడమే మామ ఉద్యోగం. ఆయన మాత్రం ఒక్కసారీ కిందికి దిగినవాడు కాదు. "నేను దిగేవాణ్ణి గాదమ్మా. దిగినోళ్ళు యెక్కినారా లేదా అని చూసేవాణ్ణి," అనేవాడు. అందులో చిన్నతనం కానీ, గొప్ప కానీ ఉండేవి కావు.

ఆ చూపు ఆఫీసులో వదిలి వచ్చేవాడు కాదు. పెండ్లిలో, బస్సులో, ఆస్పత్రి వరండాలో, ఎక్కడ నలుగురు చేరినా మామ పెదవులు బిగిసేవి. గడ్డం కొంచెం కొంచెంగా లేస్తూ ఒక్కొక్క మొహం దగ్గర ఆగేది. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడిచేది. వేలు చూపించి మాత్రం లెక్కపెట్టేవాడు కాదు. "అట్ల మేకల్ని లెక్కబెడతారు," అనేవాడు. ఒకసారి క్యాసంబళ్ళి దగ్గర, జామకాయలు కొనడానికి దిగిన ఒకావిడ ఎక్కలేదని బస్సు కదలనివ్వకుండా పట్టుబట్టాడు. కండక్టరు తిట్టాడు, బస్సంతా తిట్టింది. ఆవిడ కొంగులో కాయలేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. మామ ఎవరివైపూ చూడలేదు. "ముప్పై నాలుగు. పోనీప్పా," అని కిటికీ వైపు తిరిగాడు.

ఆయన లెక్కలో ఒక వింత ఉండేది. తనను తాను ఎప్పుడూ కలుపుకునేవాడు కాదు. టైమాఫీసు గుమాస్తా దిగినవాళ్ళ లెక్కలోకి రాడు గదా, అదే అలవాటు. అత్తా, నేనూ, ఆయనా కలిసి సంతకు పోతే "రెండు. పదండి," అనేవాడు. నిన్నెందుకు కలపవు మామా అని చిన్నప్పుడు అడిగాను.

"నేను యాడికి పోతానమ్మా? లెక్కపెట్టేవాడు ఈడే గదా ఉండేది," అన్నాడు.

మా నాన్న బేతమంగళలో బడిపంతులు. అక్కడ హైస్కూలు చదువు నాకు సరిపడదని, పిల్లల్లేని అత్తా మామల దగ్గర కంపెనీ క్వార్టర్సులో ఉంచాడు. ఐదేండ్లు ఆ ఇంటి తిండి తిన్నాను. ఒక సాయంత్రం నా పుస్తకాల సంచి పక్కింటి పిల్లతో ఇంటికి పంపించి, స్నేహితురాళ్ళతో సైనైడు గుట్టలెక్కడానికి పోయాను. బంగారం తీసేసిన మట్టి గుట్టలవి, తెల్లగా, బూడిదగా, జారుడుగా ఉంటాయి. దిగి వస్తుంటే గుట్ట కింద గొడుగు పట్టుకుని మామ. ముందు నా వెనకున్న పిల్లల్ని లెక్కపెట్టాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నడిచాడు. కొట్టలేదు, తిట్టలేదు. దారిలో ఒక సంగతి చెప్పాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక షిఫ్టులో టోకెన్లన్నీ కొక్కేలకు వచ్చేశాయట. అన్నీ సరి అని రాసేశాడట. లోపల ఒంట్లో బాగాలేక ఒక మూల ఒరిగిపోయిన ఒక మనిషి, తన టోకెను స్నేహితుడి చేతికిచ్చి, నువ్వు తగిలించు, నేను వెనకాలే వస్తానన్నాడట. ఆ స్నేహితుడు తగిలించి ఇంటికి పోయాడు. మనిషి కింద ఉండిపోయాడు. మరుసటి షిఫ్టువాళ్ళకు దొరికాడు, ప్రాణంతోనే. కానీ మళ్ళీ గనిలోకి రాలేదు, మామ ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు.

"టోకెను యెక్కి వచ్చింది, మనిషి రాలేదు. ఇప్పుడు నీ సంచి వచ్చినట్ల," అన్నాడు మామ. "ఆ పొద్దునుంచీ నేను ఇత్తడి లెక్కబెట్టను. తలకాయలే."

అంతే చెప్పాడు. ఇంటికి పోగానే అత్తతో "ఒకటి," అన్నాడు. ఆ ఒకటి నేనని నాకు తెలిసి ఎంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ గుర్తు.

గనులు మూతపడ్డాక మామకు పిచ్చి పట్టిందన్నారు అందరూ. ఊళ్ళో ఉద్యోగాలు లేక కుర్రవాళ్ళంతా పొద్దున్నే బెంగళూరు రైలెక్కేవాళ్ళు. మా వీధినుంచి పదకొండుమంది. సాయంత్రం రైలు వచ్చే వేళకు మామ స్టేషనుకు పోయి, దిగేవాళ్ళను చూసి "పదకొండు," అనుకుని ఇంటికొచ్చేవాడు. ఎవడైనా తప్పితే వాడి ఇంటికి పోయి, "మీవాడు ఈ రైలుకు రాలేదు, తెలుసునా?" అని అడిగేవాడు. ఈయనకేం పని అని నవ్వుకున్నవాళ్ళే, మావాడు వచ్చినాడా సార్ అని వీధిలో ఆపి అడిగేవాళ్ళు కూడా.

నేను బెంగళూరులో బ్యాంకు ఉద్యోగానికి వచ్చి, పెండ్లయి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, అత్తామామల్నీ మా అమ్మనీ విదేశం తీసుకుపోవాలని బుద్ధి పుట్టింది. మా నాన్న అప్పటికే లేడు. బుద్ధి అంటున్నాను గానీ, నిజం చెప్తే అందులో సగం ఫోటోల యావ. పెద్దవాళ్ళను విమానమెక్కించిన కూతురు అనిపించుకోవాలి నాకు. మలేషియా పోయాం. అక్కడొక ఊరు ఒకప్పుడు తగరం గనుల ఊరట. గనులు మూసేసి మ్యూజియం పెట్టారనీ, దగ్గర్లోనే కొండ గుహలో పెద్ద బుద్ధుడి గుడి ఉందనీ చదివి, మామకు బాగుంటుందని నేనే ఆ ఊరికొక రోజు ప్రయాణంలో చేర్చాను.

పొద్దున హోటలు ముందర వ్యాను వచ్చింది. డ్రైవరు అక్కడి తమిళాయన. మామ ముందు సీటు ఎక్కి, వెనక్కి తిరిగి, పెదవులు బిగించి, మా ఆయన్నీ, నన్నూ, పిల్లలిద్దరినీ, అమ్మనూ, అత్తనూ చూసుకుని, "ఆరు. పదండి," అన్నాడు. తమిళంలోనూ ఆరు ఆరే, మందిని పేర్ అంటారు. డ్రైవరు నవ్వి, "ఆరు పేర్, సరి సార్," అని బండి తీశాడు. దారిలో టీకి ఆగినా, గుడి ముందు దిగినా మామ ఆరు అనడం, డ్రైవరు ఆరు అని వంత పలకడం. పిల్లలకు అదొక ఆటయింది.

గుహ బాగుండింది. లోపలికి పోయేకొద్దీ చల్లన, ఊదొత్తుల వాసన, బంగారు రంగు వేసిన బుద్ధుడు కళ్ళు సగం మూసుకుని కూర్చున్నాడు. అత్త గోవిందా అని రెండు చేతులెత్తి దండం పెట్టింది. మా అమ్మ తీర్థమెక్కడిస్తారో అని వెతికింది. మామ పైకప్పు చూశాడు, రాతిని అరచేత్తో తడిమాడు.

"వీళ్ళు కొండలోపల దేవుణ్ణి పెట్టినారు. మనోళ్ళు కొండలోపల ఉండేదంతా ఎత్తుకొచ్చేసి, ఉత్త బొక్క పెట్టినారు," అన్నాడు. నేను విననట్టు ఫోటోలు తీసుకుంటున్నాను.

తర్వాత ఆయన బుద్ధుణ్ణి వదిలేసి గుహ నోటి దగ్గర నిలబడ్డాడు. షాఫ్టు దగ్గర నిలబడినట్టే. పసుపుపచ్చ టోపీలు పెట్టుకున్న ముసలమ్మల గుంపొకటి లోపలికి పోయింది. మామ బొటనవేలు కదలడం నేను చూశాను, పట్టించుకోలేదు. కాసేపటికి వాళ్ళు బయటికొచ్చి బస్సెక్కారు. బస్సు కదలబోతుంటే మామ దాని ముందర చేతులు చాచి నిలబడ్డాడు.

"నైంటీన్ గో. ఎయిటీన్ కమ్," అంటున్నాడు. వాళ్ళ గైడు పిల్ల ఏదో అరుస్తోంది. బస్సు డ్రైవరు హారను కొడుతున్నాడు. జనం చేరారు, ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. చివరికి తేలిందేమంటే, ఆ పంతొమ్మిదో ఆవిడ వేరే దారిన ముందే వచ్చి బస్సులో నిద్రపోతోంది. బస్సంతా గొల్లుమని నవ్వింది. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కారం రాసినట్టయింది.

మామను రెక్క పట్టుకుని పక్కకు లాగాను. అత్త, అమ్మ, పిల్లలు, మా ఆయన, అందరూ ఉన్నారు.

"చాలు మామా! గని మూసి ఎన్నేండ్లయింది? నిన్నెవురు అడిగినారు ఈ లెక్కలు? ఈడ గూడా నా మానం తీయాల్నా?"

"లేదమ్మా, ఒకరు తక్కువొచ్చినారని..."

"తక్కువొస్తే నీకేమి? నీ లెక్క ఎవురికీ అక్కర్లేదు. ఇంగ ఎవురినన్నా లెక్కబెట్టినావంటే నా మీద ఒట్టు!"

మామ "సరేలేమ్మా," అన్నాడు. వ్యాను దగ్గరికొచ్చాక ముందు సీటు ఎక్కలేదు. సంచులు పెట్టుకున్న వెనక వరుసలోకి వంగి వంగి పోయి, మూల సీట్లో కూర్చున్నాడు. బండి ఎవరూ ఏ అంకే చెప్పకుండానే కదిలింది. నాకు లోపల ఏదో గుచ్చుకుంది. గుచ్చుకున్నా వెనక్కి తిరగలేదు. పొగరు.

మ్యూజియంలో తగరం గనుల బొమ్మలు, వెదురు తట్టలు, పాత టోపీలు, దీపాలు. పిల్లలు అరగంటలో ఆకలన్నారు. మేము బయటికి నడుస్తుంటే, ఒక గది చివర అద్దాల పెట్టె ముందర మామ నిలబడి ఉండడం చూశాను. లోపల ఒక చెక్కపలక, వరసగా కొక్కేలు, వాటికి ఇత్తడి బిళ్ళలు. నాకు వెంటనే అర్థమయింది అదేమిటో. పక్కకు పోయి నిలబడి, మామా, మీ పలక లాంటిదే గదా అని ఒక్క మాట అని ఉంటే చాలు. కానీ తిట్టిన మొహంతో ఎట్లా పోయేది? వస్తాడులే, తెలుసు గదా దారి, అనుకుని వచ్చేశాను.

వ్యాను దగ్గర ఎండ. పిల్లలు కొట్టుకుంటూ ఎక్కారు, అమ్మ, అత్త ఎక్కారు. రోజూ వినిపించే మాట వినిపించక అందరికీ వెలితిగా ఉందనుకుంటాను. మా ఆయనే నవ్వుతూ తలుపు దగ్గర నిలబడి వేలు చూపించి మేకల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు. పిల్లలు రెండు, అమ్మ మూడు, అత్త నాలుగు, నేను ఐదు, తను ఆరు.

"ఆరు. పొద్దుటినుంచీ ఆరే గదా? పదండి," అన్నాడు.

"ఆరు పేర్, సరి సార్," అన్నాడు డ్రైవరు.

అంకె సరిపోయింది. సంచుల వెనక మామ అలిగి కూర్చున్నాడని నేననుకున్నాను. మాట కలపడానికి భయపడి అత్త వెనక్కి తిరగలేదు. ముప్పావుగంట ప్రయాణం చేసి, భోజనానికి దిగి, కుర్చీలు లాక్కుని కూర్చున్నాక, పళ్ళెం ముందర పెట్టుకుని అత్త అడిగింది, "మీ మామ యాడ?"

తిరిగి పోయేసరికి ఎంతసేపయిందో నేను చెప్పను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆయన పాస్‌పోర్టు నా సంచిలో ఉంది. చేతిలో ఫోను లేదు, జేబులో ఆ దేశపు కాసు లేదు. మధ్యాహ్నానికి మ్యూజియం తలుపులు మూసేశారు. మామ మెట్ల మీద కూర్చోలేదు. మేము ఎక్కడ వ్యానెక్కామో సరిగ్గా అక్కడ, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. పెదవులు ఎండిపోయాయి.

నేను ఏడుస్తూ పరుగెత్తాను. "మామా, నీడకన్నా పోలేదేమి?"

"తప్పిపోయినోడు తప్పిపోయిన చోటే ఉండాలమ్మా. లేకపోతే వెతికేవాళ్ళకు కష్టం," అన్నాడు. తర్వాత నీళ్ళు తాగి అడిగాడు, "లెక్కబెట్టుకోకనే బయలుదేరినారా?"

మా ఆయన తల దించుకుని, "పెట్టినాం మామా. ఆరు వచ్చింది," అన్నాడు.

మామ మొహంలో కోపం కోసం వెతికాను, ఉంటే బాగుండునని. "సరిగ్గానే పెట్టినారు," అన్నాడు. "లెక్కలో తప్పు లేదు."

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో మా చిన్నవాడు కావాలని "తాతా, లెక్కపెట్టు," అని చెయ్యి పట్టుకుని గుంజాడు. మామ వాడి తల నిమిరి ఊరుకున్నాడు. ఊరికి పోయాక సాయంత్రం రైలుకు పోవడం మానేశాడట. సందులో కూడా నలుగురు ఎదురైతే తల దించుకుని నడిచేవాడట. "ఇంటికి ఎంతమంది వచ్చినారో గూడా చెప్పడే. నేనే తలుపు దగ్గరికొచ్చి చూసుకోని బియ్యం పొయ్యాల," అని అత్త ఫోనులో విసుక్కునేది.

అది ఆయన అలక అనిపించింది నాకు. ముందు బాధపడ్డాను. పోయిన ప్రతిసారీ గేటు దగ్గర ఆయన ముందర పిల్లల్ని వరసగా నిలబెట్టి, మామా, చూడు, సరిపోయినామా అనేదాన్ని. ఆయన నేల చూస్తూ, "మీ ఆయన ఉండాడు గదమ్మా," అనేవాడు. ఒక ఏడాది, రెండేండ్లు ఓర్చుకున్నాను. తర్వాత నాకే కోపం వచ్చింది. ఒక్క తప్పుకు ఎన్నాళ్ళు సాధిస్తాడు మనిషి? క్షమించమని అడిగాను గదా? కాళ్ళు పట్టుకోవాల్నా? అట్లా అనుకుని ఊరికి పోవడం తగ్గించాను. పండక్కి చీర, పంచె కొరియరులో పంపించి చేతులు దులుపుకున్నాను.

పక్షవాతమొచ్చి కోలారు ఆస్పత్రిలో చేర్చారని తెలిసి పోయాను. మంచం చుట్టూ నేను, మా ఆయన, అమ్మ, అత్త. చిన్న వయసు డాక్టరు వచ్చి, తెలివి ఎట్లా ఉందో చూడాలని, "తాతా, ఇక్కడ ఎంతమంది ఉన్నాం చెప్పు," అన్నాడు. మామకు మాట అప్పటికింకా పోలేదు. పెదవులు బిగిశాయి. గడ్డం కదిలింది. దుప్పటి మీద బొటనవేలు ఒక కణుపు మీదికి పోయింది, రెండో కణుపు మీదికి పోబోయి ఆగిపోయింది. నా వైపు చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు ఇంకోసారి గట్టిగా అడిగి, తెలివి తప్పుతోందని కాగితం మీద రాసుకున్నాడు. ఇంత జరిగినా లెక్క చెప్పడు చూడు, ఎంత పంతం, అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నది నేనే.

మూడో రోజు మధ్యాహ్నం పోయాడు.

శవాన్ని తీసుకుపోయే వ్యాను రావడానికి గంట పట్టింది. అత్త ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "చివరిదాకా సాధించినాడత్తా నన్ను. ఒక్కసారన్నా నోరారా లెక్క చెప్పలేదు," అన్నాను. ఏడుపు వస్తోంది, అందులో కోపమూ ఉంది.

అత్త నా వైపు వింతగా చూసింది. "సాధించేదేందే? నీ మీద ఒట్టు పెడితివి గదా, ఆ బుద్ధుడి గుడి కాడ."

నాకు ముందు అర్థం కాలేదు.

"మరిచిపోయినావా? ఇంగ లెక్కబెడితే నా మీద ఒట్టు అన్లేదా? నేను ఎన్ని మార్లు చెప్పినానో, పిల్ల సుమ్నే, ఊరికే కోపంలో అనింది, దానికి జ్ఞాపకం గూడా ఉండదు అని. వినలా. నేను లెక్కబెట్టి దానికేమన్నా అయితే ఎట్లనే అనేవాడు. ఉండేది ఒక్క పిల్ల మనకు అనేవాడు."

అత్త మళ్ళీ కాళ్ళ వైపు తిరిగి దుప్పటి సర్దింది. ఆరేండ్లు. రైలు దిగే పదకొండుమందినీ, ఇంటికొచ్చిన చుట్టాలనూ, నా కళ్ళ ముందర వరసగా నిలబడిన నా పిల్లలనూ చూడకుండా నేల చూసుకున్నది నా కోసం. నేనేమో అది అలక అనుకుని రావడం మానుకున్నాను. డాక్టరు అడిగినప్పుడు నా వైపు చూసిన చూపు ఏమి అడిగిందో ఇప్పుడు తెలిసింది. తీసేయమ్మా ఒట్టు అని అడిగి ఉంటాడు. నేను పళ్ళు బిగించుకుని నిలబడి ఉన్నాను.

వ్యాను వచ్చింది. మామను వెనక పడుకోబెట్టారు. అత్త, అమ్మ ఒక పక్క బల్ల మీద, మా ఆయన, నేను ఇంకో పక్క. డ్రైవరు తలుపు వేయడానికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఎంతమంది మేడమ్?"

"నలుగురం," అన్నాడు మా ఆయన.

"ఐదు," అన్నాను నేను.

డ్రైవరు మమ్మల్ని వేలు చూపించి లెక్కపెట్టుకున్నాడు. "నాలుగే గదమ్మా ఉండేది?"

"ఐదు. పద," అన్నాను.

అతను నా మొహం చూసి తలుపు వేశాడు. మామను కూడా కలుపుకున్న అంకె, ఆ మ్యూజియం ముందర ఎండలో, ఆయన ప్రాణంతో ఉన్నప్పుడు నా నోటికి రావలసింది.